అత్తరు పోసిన చేను

ఆ ఎండాకాలం మా వాకిట్లో మనుషులకన్నా మర్యాదగా బతికినవి పసుపు రంగు నూనె కేన్లు. వాటికి వేపచెట్టు కింద నీడ ఇచ్చాం. మూతలు బిగించి, పిల్లలు తన్నకుండా, మేకలు ఒరుసుకోకుండా చుట్టూ ముళ్ళకంప పెట్టాం. వాటిలో నూనె లేదు. ఉచ్చ ఉంది. నవ్వొస్తే నవ్వండి, మేమూ మొదట్లో పొట్ట పట్టుకుని నవ్వాం. ఆ తర్వాత నాకు నవ్వే రోజులు పెద్దగా మిగల్లేదు.

మారాది పట్నం నుంచి మోటారు బండి మీద వచ్చే బల్కీసు అనే పిల్ల ఈ సంగతి పట్టుకొచ్చింది. అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఉద్యోగం తనది. మా ఊరి ఆడవాళ్ళందర్నీ కూర్చోబెట్టి, ఏ మొహమాటమూ లేకుండా చెప్పేసింది.

"కేనులో పోసి మూత బిగించండి. వానలొచ్చేదాకా మాగనివ్వండి. సజ్జ మొలిచి దుబ్బు కట్టాక, పక్కన చిన్న గుంట తీసి పోసి, ఇసుక కప్పెయ్యండి. బస్తా ఎరువు కొనలేనివాళ్ళకి ఇంతకన్నా మంచి ఎరువు లేదు."

"మాగితే వాసన పోతుందా అమ్మాయ్?" అని అడిగాను.

"పోదక్కా. ఇంకా ఘాటెక్కుతుంది."

"అయితే అత్తరేనన్నమాట!"

ఆ పేరే ఖాయమైపోయింది. మసీదు దగ్గర చదువు చెప్పే మాలం గారు కొన్నాళ్ళు ఆలోచించి, "చేనుకి పోస్తే తప్పు లేదు. కాళ్ళూ చేతులూ కడుక్కుని, బట్ట మార్చుకుని నమాజుకి నిలబడండి" అని తేల్చేశారు. ఒప్పుకోనిది మా ఇంటాయన ఒక్కడే.

"నా ఉచ్చ పట్టుకెళ్ళి నీ కేనులో పోయాలా? నా పరువేం కావాలి?" అన్నాడు.

"మీ పరువు మీ దగ్గరే ఉంచుకోండి. మాకు కావలసింది అది కాదు" అన్నాను.

హబ్సు ముసుగు కొస నోట్లో కుక్కుకుని లోపలికి పారిపోయింది. హబ్సు నా సవతి. నాకన్నా బాగా చిన్నది. మా ఇద్దరికీ రోజుకో తగాదా ఉండేది గానీ, కేన్ల విషయంలో మాత్రం ఒక్క మాట మీద నిలబడింది. అప్పుడు కడుపుతో ఉంది. ఊళ్ళో అందరికన్నా ఎక్కువ నింపింది తనే.

మా వైపు ఇంటి చేను వేరు, ఆడవాళ్ళ చెక్క వేరు. పొద్దున్నుంచీ ఇంటి చేనులో వంగి పనిచేయాలి. ఆ పంట ఇంటాయన గాదెలోకి పోతుంది. మధ్యాహ్నం నమాజు దాటాక మన చెక్కలోకి పోవచ్చు. అందులో పండింది మన సొంత గాదెలోకి. వినడానికి ఎంత బాగుందో! కానీ ఆడదానికి ఏ నేల ఇస్తారు? సారం పోయి, ఇంటి చేనుకి పనికిరాక పారేసిన నేల. నాకిచ్చింది అలాంటిదే. గాలికి ఇసుక లేచిపోయి, అడుగున గట్టి పొర తేలి, వాన నీళ్ళు ఇంకకుండా జారిపోయే బోడి నేల. పెళ్ళయినప్పటినుంచి నా గాదె సగం నిండిన ఏడు లేదు. కరువు నెలల్లో గిన్నె పట్టుకుని ఆయన ముందు నిలబడాలి. ఆయన గాదె మూత తీసి, కొలిచి, మొహం చూసి, మళ్ళీ కొలిచి పోస్తాడు. ఆ చూపు పడకుండా ఒక్క ఏడు బతకాలని నా కోరిక. బట్టలూ నగలూ ఎప్పుడూ అడగలేదు.

బల్కీసు వచ్చి ఆ చెక్కను రెండు సగాలు చేసి మధ్య తాడు కట్టింది. ఒక సగంలో అత్తరు పోయాలి, ఇంకో సగంలో ఏమీ పోయకూడదు. రెండూ పక్కపక్కన ఉంటేనే తేడా తెలుస్తుందట. అప్పుడే వానలు మొదలయ్యాయి. నేను గుంటలు తవ్వుతుంటే నా చిన్న కూతురు గింజలు జారవిడిచి పాదంతో మూసుకుంటూ వచ్చింది. మొలకలు దుబ్బు కట్టగానే కేన్లు మోయడం మొదలైంది. నెత్తిన ఒకటి, చేతిలో ఒకటి. మూత తీస్తే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఎంత కడుక్కున్నా చేతుల వాసన పోక, నా పిల్లలే నా చేతి ముద్ద తినమని మొరాయించారు. దారిలో ఎదురైన మగవాళ్ళు ముక్కు మూసుకుని, "కందే, ఇవాళ ఏ అత్తరు రాసుకున్నావ్?" అని వేళాకోళం చేసేవారు.

"మీ ఆవిడ ఇచ్చిందే" అనేదాన్ని. అది నిజం కూడా.

పైరు మోకాలు దాటేసరికి ఆ నవ్వులు ఆగిపోయాయి. అత్తరు పోసిన సగం నల్లగా, ఏపుగా ఎదిగింది. పోయని సగం పసుప్పచ్చగా, ఒళ్ళు బాగాలేని పిల్లలా పక్కన నిలబడింది. తాడుకి ఇటు ఒక చేను, అటు ఒక చేను. రెండోసారి, మూడోసారి పోశాక కంకులు పొట్ట చీల్చుకుని బయటికొచ్చాయి, జానెడు కాదు, మూరెడు. నేను ఆ తాడు దగ్గర కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మూతదాకా నిండిన గాదె కళ్ళ ముందు కనబడింది.

అప్పుడు వచ్చాడు ఇంటాయన. ఆ చెక్క నాకిచ్చాక అటు కాలు పెట్టడం అదే మొదలు. చేను చుట్టూ తిరిగాడు. ఒక కంకిని వంచి, వేళ్ళతో నొక్కి, గింజ నోట్లో వేసుకున్నాడు.

"ఇంత మంచి నేలనుకోలేదే ఇది" అన్నాడు.

"నేల కాదు. మా నెత్తుల మీద మోసింది" అన్నాను.

నాకు సంతోషంగానే ఉంది, చూశాడు కదా అని. ఎంత తెలివితక్కువదాన్ని!

సాయంత్రం చాప మీద కూర్చుని సంకటీ బెండ పులుసూ తిని, చేయి కడుక్కుంటూ పిలిచాడు.

"కందే, కోతలయ్యాక పెద్దోడి పెళ్ళి. వాడికంటూ ఓ చెక్క ఉండాలి కదా. నీది వాడికిస్తున్నా."

"కోతలయ్యాకా?"

"ఇప్పుడే. పంటతో సహా. కొత్త కాపురం, గింజలు కావాలి."

"నాకో?"

"తుమ్మల మిట్ట మీద ఓ ముక్క ఉంది, అది తీసుకో. నీకేం, అత్తరుంది! బండ మీదైనా పండిస్తావు." ఇంతేసి నోరు తెరిచి నవ్వాడు.

"అది నా చేను" అన్నాను.

"నీదా? పుట్టింటి నుంచి మూట కట్టుకొచ్చావా నేలని?"

"నేల మీదే. పంట నాది. అది మీ తాతల నాటి మాట, నా మాట కాదు."

"కన్నకొడుక్కి ఇస్తుంటే ఏడ్చే తల్లిని నిన్నే చూస్తున్నా" అని, కర్ర తీసుకుని బయటికి పోయాడు. నన్ను ఎక్కడ కొడితే నోరు పడిపోతుందో ఆయనకి బాగా తెలుసు.

నా నోటికి రెండు పేర్లు రాకూడదు. ఒకటి మొగుడిది. రెండోది తొలిచూలు బిడ్డది. మాలో తొలి బిడ్డను తల్లీ తండ్రీ నలుగురిలో దగ్గరికి తీసుకోకూడదు, ముద్దు చేయకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. అది సిగ్గు, అదే మర్యాద. పాలు మానగానే మా అత్త వాణ్ణి తన గుడిసెకి తీసుకుపోయింది. ఆవిడే పెంచింది. ఆవిడ నన్ను కందే అనేది కాబట్టి వాడూ నన్ను కందే అనే అంటాడు. నేను 'మా అత్త మనవడు' అంటాను. వాడితో ఏదైనా చెప్పాలంటే పక్కనున్నవాళ్ళకి చెబుతాను, వాళ్ళు వాడికి చెబుతారు. అలాంటి కొడుకు మీద, అలాంటి కొడుక్కి ఇచ్చే చేను మీద, తల్లి నోరెత్తితే ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంటుంది. ఇంకెవరికిచ్చినా పోట్లాడేదాన్ని. హబ్సుకిచ్చినా జుట్టు పట్టుకునేదాన్ని. ఏరి ఏరి వాడికే ఇచ్చాడు.

"అక్కా, ఊరుకో. ఎంతైనా నీ కొడుకే" అంది హబ్సు పొయ్యి దగ్గర.

"నువ్వూ అదే అంటావా?"

"నాకూ మండుతోంది. ఈ కడుపేసుకుని నెలల తరబడి నీ కేన్లు నింపాను. నా వాటా కూడా పోయింది ఆ చేనులో." గరిటె గిన్నెకేసి కొట్టింది. "కానీ ఏం చేస్తాం?"

బల్కీసు వచ్చినప్పుడు బండి దిగకముందే పట్టుకున్నాను. తను అంతా విని, హెల్మెట్ చేతుల్లో తిప్పుతూ నిలబడింది.

"భూమి మాటల్లో మేం తలదూర్చకూడదక్కా. అలాగని చెప్పే పంపిస్తారు మమ్మల్ని."

"మరి కేన్లు మోయమని చెప్పడానికి ఆడవాళ్ళ దగ్గరికెందుకొచ్చారు? భూమి ఉన్నవాళ్ళ దగ్గరికే వెళ్ళాల్సింది."

"అక్కా, నేను..."

"నీ ప్రయోగం బాగా వచ్చింది, వెళ్ళు. రాసుకో."

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు జాలి కలగలేదు. ఆ రోజుల్లో నాకు ఎవరి మీదా జాలి కలగలేదు.

కోతకి ముందు, రైతులకి పైరు చూపించే క్షేత్ర దినం అన్నారు. మారాది నుంచి పెద్దవాళ్ళు తెల్ల కారులో వచ్చారు. చుట్టుపక్కల ఊళ్ళ రైతులొచ్చారు. చేను పక్కన డేరా వేసి, పాలలో కలిపిన సజ్జ ముద్దలు పంచారు. బల్కీసు ఏదో చెప్పి మైకు నా వైపు తెస్తుంటే, మధ్యలోనే ఇంటాయన అందుకున్నాడు. ఉతికిన పొడుగు చొక్కా, కొత్త టోపీ. గొంతు సవరించుకున్నాడు.

"ఈ పంట కోసం మేం పడ్డ కష్టం ఆ అల్లాకే తెలుసు. ఈ ఎరువు మీద మొదట్నుంచీ నాకు నమ్మకం..."

"ఒరే అబ్బాయ్, నువ్వెన్ని చుక్కలు పోశావో అది చెప్పు ముందు!" వెనక నుంచి ముసలి తానీ అరిచింది. ఆవిడ ఆయనకి అవ్వ వరస, ఎంతైనా అనొచ్చు. డేరా అంతా గొల్లుమంది. ఆయనా నవ్వేశాడు. నవ్వేస్తే అయిపోతుంది మగవాళ్ళకి.

కళ్ళద్దాల పెద్దమనిషి ఒకాయన కంకి చేత్తో పట్టుకుని, "ఇంతకీ ఈ చేను ఎవరిది?" అని అడిగాడు.

"మా పెద్దోడిది" అన్నాడు ఇంటాయన, వేలితో చూపించి.

మా అత్త మనవడు మగవాళ్ళ వరసలో నిలబడి కాలి బొటనవేలితో ఇసుక గీకుతున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటోలు తీశారు. వాణ్ణి పోసిన సగంలో నిలబెట్టి ఒకటి, తాడు పక్కన నిలబెట్టి ఒకటి. నేను ఆడవాళ్ళ మధ్య కూర్చుని ముసుగు కళ్ళదాకా లాక్కున్నాను. ఏడుస్తున్నాననుకున్నారు. పళ్ళు కొరుకుతున్నాను.

తానీ అవ్వ నా చెవి దగ్గరికి వంగింది. "ఆ చెక్క నువ్వు అనుకున్నట్టు మీ ఆయనంతట ఆయన ఇవ్వలేదే. ఆ కుర్రాడే అడిగాడట. ఇంటి చేనులో ముక్క ఇస్తానంటే వద్దని, ఇదే కావాలన్నాడట."

అన్నాళ్ళూ ఒక మనిషి మీదున్న కోపం ఆ మాటతో ఇద్దరి మీదికి పాకింది.

కోత రోజు పొద్దు పొడుస్తూనే కత్తి తీసుకుని బయల్దేరాను. హబ్సు పొట్ట పట్టుకుని వెనకే వచ్చింది, వద్దన్నా వినలేదు. మేం వెళ్ళేసరికే వాడు అక్కడున్నాడు, తన స్నేహితుడు షాయిబుని వెంటేసుకుని. కోత కత్తులూ ఖాళీ సంచులూ తెచ్చుకున్నారు. వాడు అప్పటికే అత్తరు పోసిన సగం మధ్యలోకి వెళ్ళి, ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తున్నాడు.

నేను షాయిబుతోనే మాట్లాడాను. మర్యాద అది.

"షాయిబూ, మీ స్నేహితుడికి చెప్పు. ఈ చేను కోసేది నేనని."

షాయిబు వాడి వైపు తిరిగాడు. "మీ అమ్... ఆవిడ కోస్తుందట."

"నాన్న నాకిచ్చాడని చెప్పు" అన్నాడు వాడు, కంకుల వైపు చూస్తూ.

"విత్తింది ఎవరో, మోసింది ఎవరో అడుగు."

షాయిబు చెమట తుడుచుకున్నాడు. "విత్తింది..."

"తెలుసని చెప్పు. అయినా ఇచ్చాడని చెప్పు."

"తెలిసీ ఎలా అడగబుద్ధి అయిందో అడుగు!"

వాడు వంగి, ఒక కంకి మెడ పట్టుకుని కత్తి పెట్టాడు.

"ముతారీ!" అని అరిచేశాను.

షాయిబు నా వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు, నా ఒంటి మీద బట్ట జారినట్టు. హబ్సు నా మోచేయి పట్టుకుంది. వాడు మాత్రం వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. కాసేపటికి లేచాడు. నా మొహంలోకి చూశాడు. వాడి కళ్ళు మా నాన్న కళ్ళలా గోధుమ రంగులో ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు.

"నువ్వే అడిగావా ఈ చెక్క కావాలని?" అన్నాను.

"నేనే అడిగాను."

"ఇంకో నేల దొరకలేదా నీకు?"

"దొరికింది. ఇది నీదని అడిగాను."

షాయిబు సంచులు అక్కడే వదిలేసి దూరంగా నడిచాడు.

"నీ దగ్గర్నుంచి నాకేమొచ్చింది కందే?" అన్నాడు వాడు. గొంతు పెంచలేదు. "తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ వాకిట్లో నువ్వు పేరుపేరునా కేకేస్తుంటే, అవ్వ గుడిసెలో కూర్చుని వినేవాణ్ణి. అవ్వ ఉన్నన్నాళ్ళూ సరే. అవ్వ పోయాక ఆ ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచే పెద్ద నోరు ఒక్కటి లేదు. ఏదో ఒకటి, నీది, నా చేతిలో ఉండాలనిపించింది. ఇన్నేళ్ళకి పిలిచావు. అదీ చేను పోతుంటే పిలిచావు."

ఏ తల్లి అయినా అక్కడే కూలబడిపోయేది. నా గుండె నీరైన మాటా నిజమే. కానీ నాకు కోపం కూడా వచ్చింది, ఆ నెలలన్నీ పడ్డదానికన్నా పెద్ద కోపం. ఆ సిగ్గు నేను కనిపెట్టానా? అప్పుడే పాలు మానిన బిడ్డను నా చంకలోంచి తీసుకుపోతుంటే తల వంచుకుని నిలబడ్డాను, అలా నిలబడినందుకే ఊరు నన్ను మంచి కోడలంది. వాడు గుడిసెలో కూర్చుని విన్నాడట. నేను గోడ ఇవతల కూర్చుని వాడి దగ్గు వినలేదా?

"మీ నాన్న పిలిచాడా నిన్ను పేరు పెట్టి?" అన్నాను. "చెప్పు. ఒక్కసారి పిలిచాడా?"

వాడు కత్తి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఆయనా పిలవలేదు. మరి ఆయన్ని అడగాల్సింది ఆయన సొంత నేల. కనుచూపు మేర ఉంది ఆయన చేను. ఇస్తానన్నా వద్దన్నావట. బాకీ ఇద్దరిదైతే వసూలు నా ఒక్కదాని దగ్గరేనా? ఊళ్ళో మీ మగవాళ్ళందరికీ ఆకలేసినా, కోపమొచ్చినా, దుఃఖమొచ్చినా, ఆడవాళ్ళ చెక్కే కనపడుతుందా?"

వాడి కింది పెదవి కదిలింది. కత్తి వైపు చూసుకున్నాడు. గాలికి కంకులు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి.

"ఇంకోసారి పిలువు" అన్నాడు. "దిగిపోతాను. నాన్నకి నేను చెప్పుకుంటాను."

మొదటిసారి నోరు జారింది. రెండోసారి నేనే తెరవాలి. నాలుక మీద ఇన్నేళ్ళ బరువు పెట్టినట్టయింది. హబ్సు నా చేయి వదిలేసింది.

"ముతారీ! దిగు నా చేనులోంచి!"

తిట్టినట్టే పిలిచాను. ఇంకోలా పిలవడం నాకు చేతకాలేదు. కంకుల మీది పిట్టలు గుంపుగా లేచాయి. వాడు తలూపి, కత్తి నడుముకి దోపుకుని, ఒక్క కంకీ విరగకుండా చేతులతో తప్పించుకుంటూ మెల్లగా గట్టు దాకా నడిచి, దిగిపోయాడు.

"అక్కా..." అని ఏదో అనబోయింది హబ్సు.

"కొయ్యి" అన్నాను.